పాకంలో పాఠం

సంక్రాంతి ముందు నెలల్లో చిత్తూరు జిల్లా చెరకు పల్లెల్లో గానుగలు ఆడుతుంటాయి. బెల్లం వండే పెనం ముందు నిలబడ్డ పెద్దాయన తెడ్డుతో కాస్త పాకం తీసి చల్లటి నీళ్లలో వదులుతాడు. రెండు వేళ్లతో ఉండ చుట్టి చూసి, "ఇంకా కొంచెం ముదరాల నాయనా" అంటాడు. ఇంట్లో అరిసెలకు పాకం పట్టే అమ్మ చేసేదీ ఈ పరీక్షే. కార్వేటినగరం బడిలో పదో తరగతి పిల్లలు చదివే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ ఆ పెనం చుట్టూ ఉన్నాయి.

మొదటి పాఠం పొలంలోనే మొదలవుతుంది. ఆకు ఎండలో గాలినీ నీటినీ కలిపి చక్కెర చేస్తుంది. చెరకు దాన్ని సుక్రోజ్‌గా గడలో దాస్తుంది. ఈ పనిలో చెరకు దారి వరి దారి కాదు. అది కార్బన్ డై ఆక్సైడ్‌ను ముందు నాలుగు కార్బన్ల ఆమ్లంగా పట్టుకుంటుందని హాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు 1966లో ఆస్ట్రేలియాలో చెరకు ఆకుల మీదే వివరించారు. మండే ఎండలోనూ చెరకు ఏపుగా పెరగడం వెనక ఈ కిటుకుంది.

గడ నరికాక ఆలస్యం చేయకూడదు. గడలోని ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. ఈ రెండూ పెరిగితే బెల్లం గట్టిపడదు, గాలిలోని తేమను పీల్చి చెమ్మగిల్లుతుంది. "నిలవ చెరకు బెల్లం కట్టదు" అనే మాటకు అర్థం ఇదే.

పచ్చి రసానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది. దాని పీహెచ్ 5, 5.5 మధ్య ఉంటుంది. ఆమ్లంతో పాటు వేడి కూడా తగిలితే సుక్రోజ్ మరింత విరుగుతుంది. అందుకే రసంలో సున్నపు తేట పోస్తారు. క్షారం ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అంతేకాదు, సున్నంలోని కాల్షియం రసంలోని ఫాస్ఫేట్‌తో కలిసి అవక్షేపమై మురికిని వెంట లాక్కుపోతుంది. సున్నం ఎక్కువైతే మాత్రం బెల్లం నల్లబడుతుంది. కొన్నిచోట్ల నలగ్గొట్టిన బెండ కాండాన్ని నీళ్లలో పిసికి ఆ జిగురునూ పోస్తారు. వేడికి గడ్డకట్టిన ప్రోటీన్లను జిగురు చుట్టుకుని తెట్టుగా పైకి తెస్తుంది. జల్లి గరిటెతో ఆ తెట్టు తీసేస్తారు.

పొయ్యిలో మండేది ఎండిన చెరకు పిప్పి. గ్లూకోజ్ అణువులు బారుగా అల్లుకుంటే పిప్పిలోని సెల్యులోజ్. గ్లూకోజ్ ఒకటి ఫ్రక్టోజ్‌తో జతకడితే సుక్రోజ్. రసం తీపీ, దాన్ని ఉడికించే మంటా ఒకే ఆకు సంపాదన.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కానీ నీరు ఆవిరై తీపి చిక్కబడే కొద్దీ మరిగే వేడి పెరుగుతూ పోతుంది. గట్టి బెల్లానికి అది సుమారు 118 డిగ్రీలు చేరాలి. పెద్దాయన దగ్గర థర్మామీటర్ లేదు. నీళ్లలో వేలి కింద గట్టిపడే ఉండే ఆయనకు కొలత. తర్వాత పాకాన్ని దించి కలియబెడుతూ చల్లారిస్తే స్ఫటికాలు కట్టి బెల్లం గడ్డవుతుంది. 100 కిలోల చెరకుకు దక్కేది దాదాపు 10 కిలోలు.

బజార్లో మెరిసే పసుపు బెల్లానికి గిరాకీ ఎక్కువ. ఆ మెరుపు కోసం కొందరు హైడ్రోస్ పొడి కలుపుతారు. అది క్షయకరణి, రంగును చెరిపేస్తుంది. నిలవ ఉంచిన కొద్దీ గాలి తగిలి ముదురు రంగు తిరిగొస్తుంది. మురికి తీసేది సున్నమూ జిగురూ. హైడ్రోస్ రంగునే మారుస్తుంది. అలాగని ముదురు బెల్లమంతా మందూ కాదు. అందులోనూ ఎక్కువ భాగం సుక్రోజే కాబట్టి మధుమేహం ఉన్నవారికి అది చక్కెరకు మారు కాదు.

ఈసారి పిల్లలు గానుగకు ఒక పీహెచ్ కాగితం పట్టుకెళ్లి పచ్చి రసంలో ఒకసారి, సున్నపు తేట పోశాక ఒకసారి ముంచి చూడాలి. రంగు మారినప్పుడు పెద్దాయనను అడగాలి: "తాతా, ఎంత పోయాలో నీకెట్లా తెలుసు?" ఆయన రసం రంగు చూపిస్తాడు, వీళ్లు కాగితం రంగు చూపిస్తారు.