అమూల్ బాలిక: శ్లేషలో వినిపించని అర్థం

పోల్సన్ వెన్న ప్రకటనలోని బాలికకు పోటీగా 1966లో సిల్వెస్టర్ డాకున్హా, చిత్రకారుడు యూస్టస్ ఫెర్నాండెజ్ అమూల్ బాలికను సృష్టించారు. నీలి జుట్టు, చుక్కల గౌను ఆమె ఆనవాళ్లు. శ్లేష ఆమె ప్రాణం. ఒకే మాట అటు వార్తనూ ఇటు వెన్ననూ స్ఫురింపజేయగా, ఆ ముడిని తానే విప్పిన ఆనందం పాఠకునికి దక్కుతుంది.

అయితే 1946లో ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘంగా పుట్టిన సంస్థకు ప్రతీకయైన ఈ బాలిక వెన్న తినేదే గాని పాలు పితికేది కాదు. పితికే చేతులు తెరకెక్కడానికి 5 లక్షల మంది రైతులు రెండేసి రూపాయలు వేసుకోగా శ్యామ్ బెనెగళ్ తీసిన ‘మంథన్’ (1976) కావలసి వచ్చింది.

చిత్తూరు డెయిరీ పునరుద్ధరణకు అమూల్ పక్షాన 2023 జూలై 4న శంకుస్థాపన జరిగింది. బంగారుపాళ్యం పాడి రైతు వైపు నుంచి చదివితే ఈ లోటు మరింత స్పష్టం. శ్లేషకు రెండర్థాలుండాలి, ఈ బొమ్మలో తినేవారి అర్థమే పలుకుతోంది.