విని వలచిన దేశం

కొరియా! నీ గడ్డ మీద నా పాదం ఎన్నడూ పడలేదు. హాన్ నది మీది గాలి నా ఒంటికి తగల్లేదు. శరత్కాలం వచ్చి సొరాక్ కొండల్ని ఎర్రబారుస్తుందని వినడమే తప్ప ఆ ఎరుపులో నేను నడవలేదు. అయినా నిన్ను వలచాను. ఈ వలపు మా సాహిత్యానికి కొత్త కాదు. కృష్ణుణ్ణి కళ్లారా చూడకముందే ఆయన గుణాలు విని మనసిచ్చింది రుక్మిణి. హంస పలుకులు విని నలుణ్ణి వరించింది దమయంతి. ఆ ప్రేమను మా కవులు ఎన్నడూ తక్కువ చేయలేదు. దూరాన ఉన్నవారిని వలచాలంటే మనసంతా చెవి చేసుకోవాలి. నీ కోసం నేను చేసింది అదే.

నీ హంసలు మా ఇళ్లకు చాలానే వచ్చాయి. 2013లో తొలిసారి వేదికెక్కిన ఏడుగురు కుర్రాళ్ల బీటీఎస్ పాట, భాష తెలియకపోయినా మా పిల్లల నోట పలికింది. అర్ధరాత్రి దాటినా కట్టేయబుద్ధి కాని సీరియళ్లు వచ్చాయి. 2020లో 'పారసైట్' ఆస్కార్ ఉత్తమ చిత్రమైంది. ఇంగ్లీషు కాని భాషలో తీసిన సినిమాకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 2024లో నీ రచయిత్రి హాన్ కాంగ్‌కు సాహిత్య నోబెల్ వచ్చింది. మా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. రాయల నాటి కోట ఉన్న ఆ ఊరి చుట్టుపక్కల దారుల్లో ఇప్పుడు నీ అక్షరాల బోర్డులు కనిపిస్తాయి.

ఆ మెరుపు ఒక్కటే చాలదనిపించి, హంసలు ఎగిరొచ్చిన సరస్సును వెతుక్కుంటూ నీ చరిత్రలోకి వచ్చాను. చదివిన కొద్దీ ఒక్క సంగతే మళ్లీ మళ్లీ ఎదురైంది. అన్నీ పోతున్న వేళ, ఏది పోకూడదో తెలిసిన జనం నీ జనం. దాన్ని గుండెకు హత్తుకుని దాచారు. పక్కవారికి పంచి నిలబెట్టారు. నేను నిన్ను ప్రేమించింది అందుకే.

ముందుగా నీ అక్షరానికి మొక్కుతాను.

చీనా లిపి నేర్చుకునే తీరిక లేక, తమ గోడు తామే రాసుకోలేక నలిగిపోయే సామాన్యుల్ని చూసి నొచ్చుకున్నాడు సెజోంగ్ రాజు. 1443లో కొత్త లిపి కూర్చాడు. 1446లో దాన్ని ప్రజల చేతికిచ్చాడు. ఎంత చక్కని లిపి! 'న' పలికేటప్పుడు నాలుక ఎలా వంగుతుందో ఆ అక్షరమూ అలాగే వంగుతుంది. 'మ' నోటి ఆకారం. 'స' పంటి ఆకారం. గుండ్రని సున్నా గొంతు. అచ్చుల కోసం చుక్క పెట్టి ఆకాశమన్నారు, అడ్డగీత గీసి నేల అన్నారు, నిలువుగీత గీసి మనిషి అన్నారు. ఆకాశానికీ నేలకూ నడుమ మనిషిని నిలబెట్టి అక్షరమాల రాసిన దేశమా, నీకు దండం.

కొలువులోని పండితులు కొందరు ఆ లిపిని చిన్నచూపు చూశారు. ఆడవాళ్లు మాత్రం అక్కున చేర్చుకున్నారు. అందులో ఉత్తరాలు రాశారు, కథలు చదువుకున్నారు, తరాల పాటు బతికించారు. ఆ తర్వాత పరాయి పాలన వచ్చింది. జపాన్ ఏలుబడిలో నీ బడుల నుంచి నీ భాషనే గెంటేశారు. అప్పటికే నీ పండితులు నిఘంటువు రాయడానికి కూర్చున్నారు. ఊరూరి నుంచి జనం తమ మాటల్ని పోగుచేసి పంపారు. 1942లో ఆ పండితుల్ని పట్టుకుని జైల్లో పెట్టారు. ఇద్దరు జైల్లోనే కన్నుమూశారు. కోర్టుకు సాక్ష్యంగా తీసుకుపోయిన రాతప్రతి జాడ లేకుండా పోయింది. స్వాతంత్ర్యం వచ్చిన 1945లోనే, సియోల్ రైల్వేస్టేషన్ గోదాములో ఆ కాగితాల కట్టలు దొరికాయి! 1947లో మొదటి సంపుటం అచ్చయింది. ఆరు సంపుటాలూ పూర్తయ్యేసరికి 1957 వచ్చింది. భాషకు ఉద్యమాలు చేసిన జాతిలో పుట్టినవారికి ఆ గోదాము తలుపు తెరిచిన క్షణం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ చీకటి రోజుల్లోనే యున్ దోంగ్-జు అనే కుర్రవాడు కొరియన్‌లో కవిత్వం రాశాడు. 1945 ఫిబ్రవరిలో, విముక్తికి ఆరు నెలల ముందు, జపాన్‌లోని ఫుకువోకా జైల్లో ప్రాణం విడిచాడు. అప్పటికి అతనికి ఇరవయ్యేడేళ్లు. అతను రాసిచ్చిన ప్రతిని ఒక స్నేహితుడి తల్లి ఇంటి నేల కింద దాచింది. ఆ పుస్తకం 1948లో వెలుగు చూసింది. కొడుకు స్నేహితుడి కవితల్ని నిధిలా పాతిపెట్టిన ఆ అమ్మకు కూడా నా మొక్కు అందాలి.

నీ చెక్కకు మొక్కుతాను.

13వ శతాబ్దంలో మంగోలు సేనలు నిన్ను తొక్కుతుంటే, నీ వాళ్లు బుద్ధుడి మాటల్ని చెక్క పలకల మీద చెక్కుతూ కూర్చున్నారు. ఎనభై వేలకు పైగా పలకలు! అవి నేటికీ హెయిన్సా ఆలయంలో భద్రంగా ఉన్నాయి. వాటి కోసం కట్టిన చావడుల్లో పై కిటికీలు ఒక కొలత, కింది కిటికీలు ఒక కొలత. కొండగాలి లోపలికొచ్చి పలకలన్నిటినీ తడిమి బయటికి పోతుంది. ఆ గాలే వందల ఏళ్లుగా వాటికి కాపలా. 1951లో, కొరియా యుద్ధం నడుమ, గెరిల్లాలు దాక్కున్నారని ఆ ఆలయం దిక్కున బాంబులు వేయమన్నారు. కిమ్ యంగ్-హ్వాన్ అనే వైమానిక అధికారి ఆ ఉత్తర్వు పాటించలేదు. ఆయన వేయని బాంబుకు లోకం రుణపడి ఉంది.

ఆ పలకల మీది మాటలు పుట్టింది మా నేల మీద. వాటి వెంటే నీ బిడ్డలు ఇటు నడిచొచ్చారు. 8వ శతాబ్దంలో నీ పాత సిల్లా రాజ్యపు భిక్షువు హ్యెచో మా దేశమంతా తిరిగాడు. నాగార్జునుడి పేరు చెప్పుకునే పెద్ద ఆరామం ఒకటి దక్షిణాదిలో మనుషులు లేక పాడుబడి ఉందని రాశాడు. దక్షిణ దేశపు దారిలోనే ఒక వెన్నెల రాత్రి తన ఊరి దిక్కుకు చూస్తూ పద్యం చెప్పుకున్నాడు. దాదాపు పన్నెండు వందల ఏళ్ల తర్వాత, 1908లో, అతని గ్రంథం చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో బయటపడింది. నీ మీద బెంగతో మా నేల మీద పుట్టిన పద్యం అది. ఇక్కడి నుంచి నీ దిక్కుకు చూసినవారిలో నేను మొదటి మనిషిని కాను.

నీ గొంతుకు మొక్కుతాను.

పాన్సోరిలో ఒకరు పాడతారు, ఒకరు డోలు వాయిస్తారు. చేతిలో ఒక విసనకర్ర. అంతే, గంటల తరబడి కథ నడుస్తుంది. మా బుర్రకథలో వంతలు కథకుణ్ణి ఎగదోసినట్టే అక్కడ డోలు వాయించే మనిషి మధ్యమధ్య భళీ అంటూ గాయకుణ్ణి ముందుకు నడుపుతాడు, చూసేవాళ్లూ గొంతు కలుపుతారు. పాన్సోరి గాయకులు జలపాతాల పక్కన నిలబడి, నీటి హోరును దాటే దాకా గొంతు చించుకుని సాధన చేసేవారట. అందుకే ఆ గొంతులో జీర ఉంటుంది, పగిలి అతుక్కున్న మనసు చప్పుడు ఉంటుంది. గుడ్డి తండ్రికి చూపు రావాలని సముద్రానికి తనను తాను అర్పించుకున్న సిమ్ చోంగ్ కథ ఆ గొంతులో వింటే, మాట అర్థం కాకపోయినా కన్ను చెమ్మగిల్లుతుంది. ఇక నీ ఆరిరాంగ్! ఊరికో బాణీ, నోటికో చరణం. 1991 ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీల్లో ఉత్తర, దక్షిణ కొరియాలు ఒక్క జట్టుగా ఆడినప్పుడు, వాళ్ల అమ్మాయిలు చైనాను ఓడించి గెలిచినప్పుడు, జాతీయగీతం స్థానంలో మోగింది ఆ పాటే. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్న ఒకే ఒక్క గీతం, జనం నోటి పాట.

నీ చేతులకు మొక్కుతాను.

జెజు ద్వీపంలో ప్రాణవాయువు డబ్బా లేకుండా సముద్రంలోకి మునిగే హెన్యోల చేతులకు. పైకి తేలగానే వాళ్లు వదిలే ఊపిరి ఈల వేసినట్టు అలల మీద సాగుతుందట. వాళ్లలో డెబ్బయ్యేళ్లు దాటిన ఆడవాళ్లు ఎందరో! కొన్ని పల్లెల్లో ఒడ్డుకు దగ్గరి లోతు లేని నీళ్లను ముసలివాళ్ల కోసమే వదిలిపెడతారు. చలికాలం ముందు ఇరుగూ పొరుగూ కలిసి కూర్చుని కిమ్చీ కలిపి, లేనివాళ్ల ఇళ్లకు పంపే చేతులకు. చెట్టున పండిన పెర్సిమాన్ పళ్లన్నీ కోసుకుని, చిటారు కొమ్మన నాలుగు పళ్లు పిట్టల కోసం వదిలేసే చేతులకు.

1980 మే నెలలో, ప్రజాస్వామ్యం కోసం లేచిన గ్వాంజు నగరం మీద సైన్యం విరుచుకుపడింది. అప్పుడు అక్కడి మార్కెట్ ఆడవాళ్లు అన్నం ముద్దలు చేసి, పోరాడే పిల్లల చేతుల్లో పెట్టారు. గాయపడినవాళ్లకు నెత్తురివ్వడానికి జనం ఆసుపత్రుల ముందు బారులు తీరారు. 1998లో దేశం అప్పుల్లో మునిగినప్పుడు ముప్ఫై ఐదు లక్షల మంది ఇళ్లలోని బంగారం తెచ్చిచ్చారు. పెళ్లి ఉంగరాలు, బిడ్డ మొదటి పుట్టినరోజుకు పెట్టిన ఉంగరాలు కలిసి 220 టన్నులకు పైగా పోగయింది. బంగారం బిడ్డ లాంటిదనుకునే తెలుగింట పెరిగిన నాకు తెలుసు, వేలి నుంచి ఆ ఉంగరం తీయడం ఎంత కష్టమో.

నీ కన్నీటికి కూడా మొక్కుతాను.

1983 జూన్ 30న కేబీఎస్ టీవీలో ఒక కార్యక్రమం మొదలైంది. యుద్ధంలో చెదిరిపోయిన కుటుంబాలను కలపడానికి గంటన్నర పాటు నడపాలనుకున్నారు. మెడలో అట్టలు తగిలించుకుని జనం పోటెత్తారు. అట్ట మీద తప్పిపోయిన చెల్లి పేరు, చిన్నప్పటి ముద్దుపేరు, చేతి మీది మచ్చ, ఇంటి ముందరి చెట్టు. గంటన్నర అనుకున్నది 138 రోజుల్లో 453 గంటలకు పైగా సాగింది. పదివేలకు పైగా కుటుంబాలు కలిశాయి. ముప్ఫై ఏళ్లకు అన్న గొంతు గుర్తుపట్టి టీవీ తెర ముందు కూలబడిన ఆ చెల్లెళ్ల ఏడుపుకు అనువాదం అక్కర్లేదు. అయినా అది సగం కలయికే. ఎల్ల అవతల, ఉత్తరాన మిగిలినవాళ్లు మిగిలే ఉన్నారు.

దూరం నుంచి ప్రేమిస్తే ఏం లాభమని అడిగేవాళ్లకు ఠాగూర్ పేరు చెబుతాను. ఆయనా నీ గడ్డ మీద అడుగు పెట్టలేదు. 1929లో జపాన్‌లో ఉండగా నీ వాళ్లు రమ్మని పిలిచారు, వెళ్లలేకపోయాడు. చిన్న కవిత ఒకటి రాసిచ్చాడు. దాస్యంలో ఉన్న నీకు వెలుగు మళ్లీ వస్తుందన్న నమ్మకం అందులో ఉంది. నీ వాళ్లు దాన్ని మరచిపోలేదు. 2011లో సియోల్‌లో ఆయన విగ్రహం వెలిసింది. యుద్ధకాలంలో లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో మా 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ వైద్యులు నీ నేలకు వచ్చారు. సైనికులకూ సామాన్యులకూ కట్లు కట్టారు. ప్రేమ దూరాన పుట్టినా, మాటగానో మందుగానో చేరవలసిన చోటికి చేరుతుంది.

నిన్ను వలచినవాళ్లం నీకు ఒకటి బాకీ ఉన్నాం. నీ మనుషుల్ని తెర మీది బొమ్మలుగా చూడకపోవడం. మచ్చలేని ఆ ముఖాల వెనుక తెల్లవార్లూ చదివే పరీక్షల పిల్లలున్నారు. రాత్రి పొద్దుపోయినా ఆఫీసు దీపం ఆర్పలేని ఉద్యోగులున్నారు. ఒక్కో స్త్రీకి సగటున పుట్టే బిడ్డల సంఖ్య 2023లో 0.72కు పడిపోయింది, ఆ ఏడాది లోకంలో అంతకంటే తక్కువ మరే దేశంలోనూ లేదు. కొండల్లో ఎన్నో పల్లె బడులు పిల్లలు లేక మూతపడ్డాయి. నీ పాటకు చప్పట్లు కొట్టి, ఆ పాడే పిల్ల అలసటను పట్టించుకోకపోతే అది ప్రేమ కాదు. నీ వెలుగును ఇష్టపడ్డ నాకు నీ బరువు కూడా తెలియాలి.

తెలుసుకున్నాను కనుకే 2024 డిసెంబరు 3 రాత్రి నిన్ను చూసి గర్వపడ్డాను. సైనిక పాలన ప్రకటించగానే నీ జనం చలిలో జాతీయ సభ ముందుకు పరుగెత్తారు. సభ్యులు, కొందరు గోడలెక్కి, లోపలికి వెళ్లి దాని రద్దుకు ఓటేశారు. తెల్లవారక ముందే ఆ ఉత్తర్వు రద్దయింది. తర్వాతి వారాల్లో వీధుల నిండా వెలిగినవి, పాటల సభల్లో అభిమానులు ఊపే రంగురంగుల లైట్‌స్టిక్‌లు. పాట కోసం కొన్న దీపాన్ని ఆ పిల్లలు ప్రజాస్వామ్యం కోసం పట్టుకున్నారు. ఏది పోకూడదో వాళ్లకూ తెలుసు.

వర్ధిల్లు కొరియా! నీ పిల్లలకు కంటినిండా నిద్ర దొరకాలి. మా బడుల్లో ఒత్తులూ గుణింతాలూ మోగినట్టు నీ పల్లె బడుల్లో మళ్లీ నీ అక్షరాలు మోగాలి. హెన్యోల ఈల ఆగకూడదు. హెయిన్సా కిటికీలకు గాలి కరువు కాకూడదు. ఎల్ల అవతలి అయినవాళ్లను చూడాలని పేర్లు రాయించుకున్న లక్షమందికి పైగా వృద్ధుల్లో ఎక్కువమంది చూడకుండానే వెళ్లిపోయారు. 2018 ఆగస్టు తర్వాత అలాంటి కలయిక మరొకటి జరగలేదు. మిగిలినవాళ్లకైనా ఎల్ల తెరుచుకోవాలి. అక్షరాన్ని, పలకను, పాటను కాపాడుకున్న ఓపికతోనే నీకు దూరమైన నీ సగాన్నీ నువ్వు దక్కించుకోవాలి. అది నీ హక్కు. నిన్ను ప్రేమించిన పరాయివాళ్లమంతా అడగవలసిన వరం అదే.