రేపటి కథలో గుంతమగ్గం

లేపాక్షి వీరభద్రాలయం మంటపాల్లో తలెత్తి చూస్తే పైకప్పు నిండా పురాణమే. శివుడి పెళ్లి, కిరాతార్జునీయం, రాముడి పట్టాభిషేకం. 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల ఏలుబడిలో వేసిన బొమ్మలవి. కైలాసం చూసొచ్చినవాళ్లెవరూ లేరు. అందుకే చిత్రకారులు పార్వతి చెలికత్తెలకు తమ కళ్లెదుట తిరిగే ఆడవాళ్ల చీరలే కట్టారు, వాళ్ల కొప్పులే చుట్టారు. ఆ అంచులూ బుటాలూ తర్వాత ధర్మవరం పట్టుచీరల మీదికి దిగాయి. ఆ చిత్రకారుల ఊహ ఇన్ని వందల ఏళ్లు నిలవడానికి కారణం అందులో పెట్టిన రోజువారీ బతుకేనని నా నమ్మకం.

భవిష్యత్తు మీద కథ రాయాలనుకునే పిల్లలకు నేను చెప్పేదీ ఇదే. ఎగిరే కార్ల జోలికి పోవద్దు. ధర్మవరంలో ఒక నేతగాళ్ల ఇల్లు తీసుకుని ఇరవయ్యేళ్లు ముందుకు జరపండి. ఒక్కటి మార్చి, తక్కినదంతా ఉన్నదున్నట్టు ఉంచండి.

ఇప్పుడు నేను రాస్తున్న కథలో మారింది గుంతమగ్గం. మగ్గం అమ్మేశారు. గుంత పూడ్చి టైల్స్ పరిచారు. దాని మీద మనవడి మంచం. అవ్వ పొద్దున్నే అలవాటు కొద్దీ ఆ చోటికే వస్తుంది. పెళ్లయిన నాటినుంచీ కాళ్లు గుంతలోకి వదిలి కూర్చున్న మనిషి. "కాళ్లు యాడ పెట్టుకునేదిరా నాయనా?" అంటుంది. మనవడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ బస్సుకు పరుగెత్తాలి. వాడి ఫోన్ అడిగినన్ని కొత్త అంచులు గీసిస్తుంది. వాటిలో ఏది నేతకొస్తుందో, ఏ అంచు దగ్గర పడుగు తెగుతుందో చెప్పగలిగేది అవ్వ ఒక్కతే. వాళ్లిద్దరూ మాట్లాడుకునే సాయంత్రమే నా కథ.

విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి సింగమనేని నారాయణ కథల దాకా అనంతపురం సాహిత్యం కరువును గుండెకెత్తుకుంది. 18వ శతాబ్దపు రాయలసీమను 'శప్తభూమి'లో నిలబెట్టిన బండి నారాయణస్వామికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వెనక్కి అంతదూరం నడిచిన మన ఊహ ముందుకూ నడవాలి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. హిందూపురానికి బెంగళూరు దగ్గరవుతోంది. చేలు ప్లాట్లవుతున్నాయి. రేపటి సీమ ఎట్లుండాలో కంపెనీలు, ప్రభుత్వాలు ఎప్పటికప్పుడు కాగితం మీద పెడుతూనే ఉన్నాయి. ఆ కాగితాల్లో అవ్వ ఉండదు.

ఆమెకు చోటు చూపించే పని కథకులది. ఆమె నీళ్లు ఎక్కడ పట్టుకుంటుంది, నడుంనొప్పికి ఏ ఆస్పత్రికి పోతుంది, కోపమొస్తే మనవణ్ణి ఏమని తిడుతుంది, అన్నీ రాయాలి. మన రేపటిని మనమే, మన ఊరి మాటల్లో రాసుకోవాలి. అది నచ్చకపోతే మార్చుకోవడానికి ఇంకా ఇరవయ్యేళ్ల టైముంది.