చలికి పండిన కాఫీ

అరకు కాఫీని పొగిడేవాళ్లు ముందుగా మన్యం మట్టిని పొగుడుతారు. వినడానికి బాగుంటుంది గానీ మట్టి నేరుగా కప్పులోకి రాదు. నేల సారం, నీరు నిలవని వాలు చెట్టు ఆరోగ్యానికి కావాలి. రుచి విషయంలో పెద్దరికం మాత్రం ఎత్తుది, ఆ ఎత్తు తెచ్చే చలిది.

అరాబికా పుట్టిల్లు ఇథియోపియా కొండ అడవులు. నీడా చల్లదనమూ దానికి ఇష్టం. అరకు, పాడేరు చుట్టుపక్కల తోటలు సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. కొలంబియా రైతుకు ఇదొక ఎత్తే కాదు. అక్కడ మంచి అరాబికా చాలావరకు ఇంతకన్నా బాగా ఎత్తులోనే పండుతుంది. కానీ కొలంబియా భూమధ్యరేఖ పక్కనే ఉంది, మన మన్యం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. అందుకే తక్కువ ఎత్తులోనే ఇక్కడ శీతాకాలపు రాత్రులు కొరికేస్తాయి. లంబసింగి మంచు చూడటానికి జనం కార్లు వేసుకుని వెళ్లే రోజుల్లోనే ఆ కొండల్లో కాఫీ పండ్లు ఎర్రబడుతుంటాయి.

వేసవి తొలి జల్లులకు పూత విచ్చుకుంటుంది. అక్కణ్నుంచి పండు కోతకు రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు. చల్లగా ఉంటే పండు నిదానంగా పండుతుంది, గింజ గట్టిపడుతుంది, అందులో చక్కెరలు బాగా చేరతాయి. వేయించినప్పుడు పరిమళం, తీపి ఛాయ, హాయైన పులుపు పుట్టడంలో ఆ చక్కెరల పాత్ర పెద్దది. సిల్వర్ ఓక్ నీడ కూడా ఎండ వేడి తగ్గించి పండును తొందరపడనివ్వదు. ఆ చెట్ల మీదకు మిరియాల తీగ పాకిస్తారు. పక్కన మిరియం ఉంది కాబట్టి కాఫీకి ఆ ఘాటు వస్తుందంటే మాత్రం నాకు నమ్మబుద్ధి కాదు.

మన్యంలో నాటిన రకాలు చాలావరకు కర్ణాటకలోని బాలెహొన్నూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే. అంటే అక్కడి చిక్కమగళూరు దగ్గరి బాబాబుడన్‌గిరి తోటలతో వీటికి చుట్టరికం ఉంది. అయినా రుచి కలవదు. అక్కడి కాఫీలో చాక్లెట్ ఛాయ ఉందంటారు. అరకుది నిమ్మజాతి పులుపు, వెనకగా బెల్లపు తీపి. 2019లో ఈ రెండింటికీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు దక్కింది. అరకు పేరు కింద పక్కనున్న ఒడిశా కొండలనూ చేర్చారు, రుచి లెక్కన అది న్యాయమే.

అయితే కొండ ఇచ్చినదాన్ని కోత దగ్గరే పోగొట్టుకోవచ్చు. పచ్చికాయా పండూ కలిపి కొమ్మంతా దూసేస్తే కప్పులో వగరు మిగులుతుంది. అందుకే ఎర్రబడినవే ఏరుతూ ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. కోసిన రోజే పల్పర్‌లో తోలు తీసి, గింజ చుట్టూ ఉన్న జిగురును పులియబెట్టి, కడిగి, పలుచటి పొట్టుతో ఉన్న ఆ గింజను (పార్చ్‌మెంట్) నేలకు ఎత్తుగా కట్టిన మంచెల మీద ఆరబెట్టాలి. సరిగ్గా ఈ వేళకే బంగాళాఖాతంలో వాయుగుండం పడుతుంది. తడిసిన గింజకు బూజు వాసన పడితే ఇక వదలదు. పండ్లను వాకిట్లో నేల మీదే ఎండబోస్తే మట్టి వాసన నిజంగానే కప్పులోకి వస్తుంది. అది గొప్ప కాదు, దోషం. ఎకరం, రెండెకరాల గిరిజన రైతు ఇంటి దగ్గర ఈ పనంతా చేసుకోవడం కష్టం. పండునే కొని ఒకచోట శుద్ధి చేసే పద్ధతి వచ్చాకే అరకు అసలు రుచి బయటపడిందని నా అభిప్రాయం. 2017లో పారిస్‌లో అరకు కాఫీకి ప్రత్యేకంగా దుకాణం వెలిసిందంటే దాని వెనక ఈ ఏరివేత, ఈ ఆరబోత ఉన్నాయి.

మన ఇళ్లలో ఈ తేడాలేవీ తెలియవు. నల్లగా వేయించిన పొడి, చికోరీ, చిక్కటి పాలు, పంచదార కలిశాక ఏ కొండ గింజైనా ఒకటే. ఆ ఫిల్టర్ కాఫీ మీద నాకు ఫిర్యాదు లేదు, రోజూ తాగేది అదే. కానీ ఖరీదు పెట్టి అరకు గింజలు కొని అందులో కలపడం దండగ. చికోరీ లేని, మధ్యస్థంగా వేయించిన పొడి తీసుకుని, మరిగిన నీళ్లు ఒక నిమిషం ఆగి పోసి, పాలు కలపకుండా కాస్త చల్లారాక తాగండి. అలాగే చేసిన చిక్కమగళూరు కాఫీ మరో కప్పులో పక్కన పెట్టుకుంటే ఇంకా మేలు.