పలకని పాటలపెట్టె

అప్‌డేట్ పూర్తయిందని కంప్యూటర్ చెప్పింది. ఐపాడ్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలైంది. తెర మీద ఆపిల్ గుర్తు వచ్చింది, కాసేపు నిలిచింది, పోయింది. దాని చోట ఒక ఫోల్డర్ బొమ్మ, పక్కనే ఆశ్చర్యార్థకం. 2005 అక్టోబరులో వచ్చిన అయిదో తరం ఐపాడ్‌ను చాలాకాలం వాడినవాళ్లలో ఎంతోమందికి ఈ బొమ్మ పరిచయమే. చూడగానే గుండె జారుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పాటలు ఒక్క దెబ్బతో పోయాయనిపిస్తుంది.

నిజానికి ఆ బొమ్మలోనే ధైర్యం చెప్పే సంగతి ఒకటుంది. పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్ లేవలేదు. మరి తెర వెలిగించి ఆ బొమ్మ గీసిందెవరు? లోపల ఇంకో చిన్న ప్రోగ్రాం మెలకువగానే ఉంది. పెద్దది కుప్పకూలినా ఇది నిలిచి ఉండేలా దీన్ని వేరే చోట, వేరే రకం మెమరీలో పెట్టారు. అప్‌డేట్ ఎప్పుడో ఒకప్పుడు చెడుతుందని ముందే అనుకుని ఈ పరికరాన్ని కట్టారు. దీని పనితనంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఆ ముందుచూపే. మరమ్మతు చేయాలంటే ముందు ఆ కట్టుబడి తెలియాలి.

వెనకవైపు స్టీలు మూత విప్పితే కనిపించే భాగాలు కొన్నే. ఎక్కువ చోటు తీసుకునేది తోషిబా వారి 1.8 అంగుళాల హార్డ్ డిస్క్, 30 లేదా 60 గిగాబైట్లది. సన్నటి రిబ్బన్ కేబుల్ దాన్ని బోర్డుకు కలుపుతుంది. బోర్డు మీద పోర్టల్‌ప్లేయర్ కంపెనీ పీపీ5021 చిప్పు. అందులో 80 మెగాహెర్ట్జ్ దాకా నడిచే ఏఆర్ఎం ప్రాసెసర్లు రెండు. అంకెలను శబ్దంగా మార్చే పని వుల్ఫ్‌సన్ వారి చిప్పుది. 30 గిగాబైట్ల మోడల్‌లో 32 మెగాబైట్ల ర్యామ్ ఉంటుంది. పాటలు నడుస్తున్నప్పుడు డిస్క్ కాసేపు తిరిగి, రాబోయే పాటలను ర్యామ్‌లోకి ఎక్కించి, ఆగిపోతుంది. బ్యాటరీ గంటల తరబడి నిలవడానికి ఈ ఏర్పాటే కారణం. వీటన్నిటి నడుమ ఒక్క మెగాబైట్ ఫ్లాష్ మెమరీ ఉంది. 30 గిగాబైట్ల పక్కన అది లెక్కలోకి రానంత చిన్నది. మెలకువగా ఉన్న ఆ చిన్న ప్రోగ్రాం ఇల్లు అదే.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. మెనూలు చూపించి, పాటలు వినిపించే పెద్ద ప్రోగ్రాం హార్డ్ డిస్క్ మీదే ఉంటుంది, కానీ పాటలతో కలిసి ఉండదు. డిస్క్‌ను రెండు పార్టిషన్లుగా కోశారు. రెండోది మనకు కంప్యూటర్‌లో కనిపించేది: విండోస్‌తో సిద్ధం చేస్తే ఫ్యాట్32, మ్యాక్‌తో సిద్ధం చేస్తే హెచ్ఎఫ్ఎస్ ప్లస్. మొదటిది దాపుడు పార్టిషన్. మామూలు ఫైల్ వ్యవస్థ ఏదీ అందులో లేదు కనుక కంప్యూటర్ దాన్ని డ్రైవ్‌గా చూపించదు. ఆ పార్టిషన్ మొట్టమొదటి బైట్లను తెరిచి చూసినవాళ్లకు ఒక ముచ్చటైన దృశ్యం ఎదురవుతుంది. గీతలు, అక్షరాలతోనే అల్లిన ఎనిమిది మూలల పలక, దాని మధ్య విడివిడిగా ‘స్టాప్’ అన్న అక్షరాలు, కింద 2001 నాటి ఆపిల్ కాపీరైట్ వాక్యం. రోడ్డు మీద పెట్టే ఆగమన్న బోర్డును, మామూలుగా ఎవరూ చూడని చోట పెట్టారు. ఈ డిస్క్‌ను విప్పి చదివే నేర్పు ఉన్నవాడి కోసమే అది.

ఆ పలక తరువాత ఒక పట్టిక ఉంటుంది. అందులో ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో వరస: నాలుగు అక్షరాల పేరు, డిస్క్ మీద ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు, ర్యామ్‌లో ఏ చిరునామాకు ఎక్కించాలి, బైట్లన్నీ కూడితే వచ్చే మొత్తం ఎంత. అసలు ప్రోగ్రాం పేరు ఓఎస్ఓఎస్. ఇంకో వరసలో ఏయూపీడీ అనేది కనిపిస్తుంది. దాని సంగతి కాసేపట్లో.

మొదలయ్యే క్రమం ఇలా సాగుతుంది. కరెంటు అందగానే ప్రాసెసర్ ముందు ఫ్లాష్‌లోని ప్రోగ్రాంను నడుపుతుంది. అది చక్రం మీద ఏవైనా బటన్లు నొక్కి ఉన్నాయేమో చూస్తుంది. లేకపోతే డిస్క్‌ను తిప్పి, దాపుడు పార్టిషన్‌లోని పట్టిక చదివి, ఓఎస్ఓఎస్‌ను ర్యామ్‌లోకి ఎక్కించి, పగ్గాలు దానికి అప్పగిస్తుంది. ఎక్కించదగిన ప్రోగ్రాం దొరక్కపోతే ఫోల్డర్ బొమ్మ గీస్తుంది. బటన్లను చూడడం డిస్క్ జోలికి వెళ్లడానికి ముందే జరుగుతుందన్నది గమనించండి. డిస్క్ మీద ఏం చెడినా, వాడేవాడు వేలితో చెప్పే మాట అంతకు ముందే దానికి అందుతుంది. వరసలో ఈ ఒక్క మెట్టు వెనక్కి జరిగి ఉంటే, ఫోల్డర్ బొమ్మ చూసిన ఐపాడ్లలో చాలావాటికి మరమ్మతు దుకాణమే దిక్కయ్యేది.

అప్‌డేట్ చేసేది ఈ దాపుడు పార్టిషన్‌నే. కంప్యూటర్ అక్కడ కొత్త ప్రోగ్రాంలను రాసి ఐపాడ్‌ను మళ్లీ మొదలుపెట్టిస్తుంది. పాటలున్న పార్టిషన్‌ను ముట్టుకోదు. రాత మధ్యలో కేబుల్ ఊడినా, కంప్యూటర్ నిద్రలోకి జారినా, బ్యాటరీ నీరసించినా నష్టపోయేది ఓఎస్ఓఎస్ ఒక్కటే. అయితే ఫ్లాష్‌లోని ప్రోగ్రాంను కూడా కొత్తది చేయాల్సి వస్తే? ఏయూపీడీ ఉన్నది అందుకే. డిస్క్ మీద రాయాల్సినవన్నీ రాయడం అయ్యాక, ఐపాడ్ తిరిగి మొదలైనప్పుడు ఇది నడిచి ఫ్లాష్‌ను తిరగరాస్తుంది. మొత్తం ప్రక్రియలో నిజంగా ప్రమాదకరమైన ఘడియ ఇదొక్కటే, ఎందుకంటే ఇక్కడ తెగితే కింద పట్టుకునేది ఇంకేమీ లేదు. దాన్ని చివరికి నెట్టారు. కంప్యూటర్ ప్రమేయం లేకుండా ఐపాడ్ ఒక్కటే చేసుకునేలా పెట్టారు. కొన్ని పాత తరాలలో ప్లగ్గు బొమ్మ చూపించి, గోడ కరెంటుకు తగిలిస్తే తప్ప ముందుకు సాగేది కాదు. అప్పట్లో చాలామంది దాన్ని చాదస్తం అనుకుని విసుక్కున్నారు. పునాది మార్చేటప్పుడు కరెంటు పోకూడదన్న పట్టుదల అది.

ఇంత తెలిశాక మరమ్మతు పద్ధతి దానంతటదే తేలుతుంది. ఆపిల్ ఆ రోజుల్లో అయిదు మెట్లు చెప్పేది: రీసెట్, రీట్రై, రీస్టార్ట్, రీఇన్‌స్టాల్, రిస్టోర్. పోయేదేమీ లేని పనితో మొదలుపెట్టి, అన్నీ చెరిపే పనిని చివరన పెట్టిన వరస ఇది. దీన్ని తలకిందులు చేసి మొదటే రిస్టోర్ నొక్కేవాళ్లే పాటలు పోగొట్టుకుంటారు.

వీటన్నిటికంటే ముందు చార్జింగ్. తిరగడం మొదలుపెట్టేటప్పుడు డిస్క్ ఎక్కువ కరెంటు లాగుతుంది. ముసలి బ్యాటరీ అంత ఇవ్వలేకపోతే డిస్క్ లేవదు, డిస్క్ లేవకపోతే ఓఎస్ఓఎస్ దొరకదు, దొరక్కపోతే అదే ఫోల్డర్ బొమ్మ. అంటే సాఫ్ట్‌వేర్ చెక్కుచెదరకపోయినా ఆ బొమ్మ రావచ్చు. బలహీనమైన యూఎస్‌బీ హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కో, గోడ చార్జర్‌కో తగిలించి కొన్ని గంటలు వదిలేయాలి.

తరువాత రీసెట్. పైనున్న హోల్డ్ మీటను ఒకసారి అటూ ఇటూ జరిపి, మెనూ బటన్‌నూ మధ్య బటన్‌నూ కలిపి ఆపిల్ గుర్తు వచ్చేదాకా, ఆరు నుంచి పది సెకన్లు, పట్టుకోవాలి. మధ్య బటన్ నొక్కే వేలు చక్రానికి తగలకూడదు. చక్రం స్పర్శను పసిగట్టే పలక, దాని కింద నొక్కుడు బటన్లు. అందుకే ఐపాడ్‌ను బల్ల మీద పరిచి నొక్కమనేవారు. తెర బిగుసుకుపోయి ఏ మెనూ కదలనప్పుడు కూడా ఈ జంట పనిచేస్తుంది.

రీసెట్‌తో బాగుపడకపోతే డిస్క్ మోడ్. రీసెట్ చేసి, ఆపిల్ గుర్తు రాగానే వేళ్లు మార్చి, మధ్య బటన్‌నూ ప్లే బటన్‌నూ పట్టుకోవాలి. ఫ్లాష్‌లోని ప్రోగ్రాం చూస్తుందన్నది ఇలాంటి జంటల కోసమే. తెర మీద ‘డిస్క్ మోడ్’ అన్న మాట వస్తుంది, కంప్యూటర్‌కు ఐపాడ్ ఒక మామూలు యూఎస్‌బీ డ్రైవ్‌గా కనిపిస్తుంది. ఇక్కడ రెండు చిక్కులు ఎదురుకావచ్చు. మ్యాక్‌తో సిద్ధం చేసిన ఐపాడ్‌ను విండోస్‌కు తగిలిస్తే ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది, చచ్చినా ఒప్పుకోకండి. ఆఫీసు కంప్యూటర్లలో నెట్‌వర్క్ డ్రైవ్ ఒకటి ఐపాడ్‌కు రావలసిన డ్రైవ్ అక్షరాన్ని ముందే పట్టేసుకుని ఉండవచ్చు. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఐపాడ్‌కు వేరే అక్షరం ఇస్తే ప్రత్యక్షమవుతుంది.

డిస్క్ మోడ్ కూడా రాకపోయినా, టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపించినా, ఫోల్డర్ బదులు ఏడుపుముఖం బొమ్మ కనిపించినా అనుమానం హార్డ్‌వేర్ మీదికి మళ్లాలి. అందుకూ ఒక ద్వారం ఉంచారు. రీసెట్ తరువాత మధ్య బటన్‌నూ వెనక్కి జరిపే బటన్‌నూ పట్టుకుంటే పరీక్షల మెనూ తెరుచుకుంటుంది. ర్యామ్, చక్రం, తెర, శబ్దం వేటికవి పరీక్షించుకోవచ్చు. హార్డ్ డిస్క్ తన గురించి తాను రాసుకున్న లెక్కలు కూడా అక్కడ చదవవచ్చు: ఎన్ని గంటలు నడిచింది, పాడైన గళ్లను ఎన్నింటిని పక్కన పెట్టి బదులు గళ్లు వాడుకుంది, తేల్చుకోవలసినవి ఇంకా ఎన్ని మిగిలాయి. ఆ చివరి రెండు అంకెలు సున్నా దగ్గరే ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది. వందల్లో ఉంటే, అప్‌డేట్ పాపం నిందలు మాత్రమే మోసింది. డిస్క్ అంతకు ముందే అరిగిపోయింది. ఎవరూ ఎక్కువగా ముట్టుకోని దాపుడు పార్టిషన్‌లో కొత్తగా రాయబోవడంతో ఆ అరుగుదల బయటపడింది.

అప్‌డేట్ తరువాత ఐపాడ్ చక్కగా లేచి, ‘పాటలు లేవు’ అని చూపించడం ఇంకో రకం జబ్బు. పాటల ఫైళ్లు ఐపాడ్ కంట్రోల్ అనే దాపుడు ఫోల్డర్‌లో, మ్యూజిక్ అనే పేరు కింద, ఎఫ్00, ఎఫ్01 అంటూ సాగే అరల్లో ఉంటాయి. పేర్లు నాలుగు అక్షరాల గజిబిజి. ఏ పాట ఏ అరలో ఉందో చెప్పేది ఐట్యూన్స్ డీబీ అనే ఒకే ఒక్క ఫైల్. వేల పాటల జాబితాను చిన్న ప్రాసెసర్ చటుక్కున చూపించగలగడానికి కారణం ఈ ఫైలే. ఫోల్డర్లను వెతికే పని లేదు, ముందే పేర్చిన జాబితాను ర్యామ్‌లోకి తెచ్చుకుంటే చాలు. ఆ ఫైల్ చెడితే పరిస్థితి కేటలాగు కాలిపోయిన గ్రంథాలయంలా ఉంటుంది. పుస్తకాలన్నీ అరల్లోనే ఉంటాయి. పైగా పాట పేరు, గాయకుల పేరు చాలావరకు ప్రతి ఫైల్ లోపల కూడా రాసి ఉంటాయి కనుక, గజిబిజి పేర్లున్న ఫైళ్లను కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటే జాబితా మళ్లీ తయారవుతుంది.

ఈ యంత్రంలో మన ఊరి పాలు కూడా ఉంది. 2001 అక్టోబరు నాటి మొదటి ఐపాడ్ నుంచి అయిదో తరం దాకా హార్డ్ డిస్క్ ఐపాడ్లన్నిటిలో చిప్పు పోర్టల్‌ప్లేయర్‌దే. చిప్పుతో పాటు దాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌నూ ఆ కంపెనీ ఇచ్చింది. అమెరికాలో పుట్టిన ఆ కంపెనీకి హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ కేంద్రం ఉండేది. 2007లో ఎన్విడియా దాన్ని కొనేసింది. ఐపాడ్ గురించి రాసేటప్పుడు తళతళలాడే స్టీలు మూత గురించి రాసినంతగా ఈ పని గురించి రాయలేదు. రాయవలసింది.

కట్టుబడి ఎంత గట్టిదో తేల్చే పరీక్ష ఈ మధ్య పాత ఐపాడ్ ప్రియులు రోజూ చేస్తున్నారు. అరిగిన డిస్క్‌ను తీసేసి, అదే రిబ్బన్‌కు ఒక అడాప్టర్ తగిలించి ఎస్‌డీ కార్డు పెడతారు. ఆ కార్డు ఖాళీది. దాని మీద పార్టిషన్ లేదు, పట్టిక లేదు, ఓఎస్ఓఎస్ లేదు. అయినా ఐపాడ్ లేస్తుంది, డిస్క్ మోడ్‌లోకి వెళుతుంది, రిస్టోర్ నొక్కితే కంప్యూటర్ మొదటి బైటు నుంచి అన్నీ రాస్తుంది. కొందరు ఇంకో అడుగు వేసి, రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాంను ఆ దాపుడు పార్టిషన్‌లో అసలు ప్రోగ్రాం పక్కనే నాటుతారు. మొదలయ్యేటప్పుడు ఏది కావాలో బటన్‌తో చెప్పవచ్చు. ఆపిల్ 2014లో ఐపాడ్ క్లాసిక్ అమ్మకాన్ని, 2022లో ఐపాడ్ టచ్ అమ్మకాన్ని ఆపేసింది. అయిదో తరానిది అప్పటికే ఎప్పుడో మరుగున పడింది. అందులోని ఒక్క మెగాబైట్ మాత్రం ఇప్పటికీ తన పని చేస్తూనే ఉంది.

అమెరికా నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఇలాంటి పాటలపెట్టె మీ అలమారలో పడి ఉంటే, ఫోల్డర్ బొమ్మ చూసి పారేయకండి. రాత్రంతా చార్జింగ్ పెట్టండి, డిస్క్ మోడ్‌లోకి తీసుకెళ్లండి, దాచిన ఫైళ్లను చూపించమని కంప్యూటర్‌కు చెప్పి ఐపాడ్ కంట్రోల్ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేసి పెట్టుకోండి. రిస్టోర్ బటన్ నొక్కడం ఆ తరువాతే.