జమాఖర్చుల ఇల్లు, ముగియని కథ: కె. బాలచందర్ రంగస్థల, చలనచిత్ర, టెలివిజన్ కృషి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కె. బాలచందర్ నాటకకర్తగా ప్రారంభమై, చలనచిత్ర రచయితగా, దర్శకుడిగా, నిర్మాతగా, టెలివిజన్ ధారావాహికల రూపకర్తగా సుమారు ఐదు దశాబ్దాలు పనిచేశారు. ఆయన చిత్రాలపై వచ్చిన విమర్శ ఎక్కువగా వాటి ముగింపుల చుట్టూ తిరిగింది. ముగింపును బట్టి ఆయనను కొందరు అభ్యుదయవాది అన్నారు, మరికొందరు సంప్రదాయవాది అన్నారు. మాధ్యమాలు మారినా ఆయన రచనలో మారనిది మధ్యతరగతి ఇంటి జమాఖర్చుల లెక్క అనీ, ఆ లెక్క తేలకపోవడమే ఆయన కథలను ధారావాహిక రూపం వైపు నడిపించిందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు చిత్రాలకు ప్రాధాన్యమిస్తూ, అవసరమైన చోట తమిళ మూలాలను పరిశీలించడమైనది.

కీలక పదాలు: బాలచందర్, అంతులేని కథ, మధ్యతరగతి, ధారావాహిక, ముగింపు, సంభాషణ రచన, ఆత్రేయ, గణేశ్ పాత్రో.

1. ఉపోద్ఘాతం

బాలచందర్ 1930 జూలై 9న తంజావూరు ప్రాంతంలోని నన్నిలం వద్ద జన్మించారు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరువాత మద్రాసు అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. ఉద్యోగం చేస్తూనే నాటకాలు రాసి ప్రదర్శించారు. 1964లో 'దైవత్తాయ్' చిత్రానికి సంభాషణలు సమకూర్చారు. 1965లో తన నాటకాన్నే 'నీర్‌కుమిళి'గా తీసి దర్శకుడయ్యారు. 1987లో పద్మశ్రీ, 2010 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 2014 డిసెంబరు 23న మరణించారు.

ఇంత వైవిధ్యం గల కృషిని చర్చించేటప్పుడు సాధారణంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఆయన పరిచయం చేసిన, తీర్చిదిద్దిన నటీనటుల జాబితాతో ఆయనను కొలవడం మొదటిది. 'సాహసోపేతమైన స్త్రీ పాత్రల సృష్టికర్త' అన్న బిరుదుతో సరిపెట్టడం రెండవది. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నప్పటికీ, ఆ పాత్రలు ఏ పరిస్థితుల్లో సాహసించవలసి వచ్చిందన్న ప్రశ్న వాటిలో మరుగున పడుతుంది. ఆ పరిస్థితులలో మొదటిది డబ్బు.

2. రంగస్థలం: గది, మెట్లు, జీతం

తక్కువ ఖర్చుతో, ఒకే రంగాలంకరణతో నాటకమాడే ఔత్సాహిక సమాజాల నుండి బాలచందర్ వచ్చారు. అక్కడ కథ ఒక గదిలో నడవాలి, గది బయటి లోకం మాటల ద్వారా, శబ్దాల ద్వారా లోపలికి రావాలి. ఈ నిర్బంధం ఆయనకు శిల్పంగా మారింది. 'నీర్‌కుమిళి' కథాస్థలం ఒక ఆసుపత్రి. 1968లో వచ్చిన 'ఎదిర్‌నీచ్చల్' కథాస్థలం అనేక కుటుంబాలు అద్దెకుండే లోగిలి. అక్కడి మెట్ల కింద తలదాచుకునే అనాథ యువకుడు ఒక్కో ఇంటి పనిచేసి, ఒక్కో ఇంట మిగిలిన అన్నం తింటాడు. అదే లోగిలిలో ఒక వృద్ధుడు ఉంటాడు. ఆయన దగ్గు మాత్రమే వినిపిస్తుంది, మనిషి కనిపించడు. రంగస్థలంపై తెర వెనుక శబ్దంగా పనికొచ్చే ఉపాయం తెరపై ఒక వ్యక్తి ఉనికిగా నిలిచింది. ఈ కథే 1970లో తెలుగులో 'సంబరాల రాంబాబు'గా వచ్చింది.

ఈ కథలలో ఎవరి ఆదాయం ఎంత, ఎవరి అన్నం ఎవరు పెడుతున్నారు అన్నది ప్రేక్షకుడికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. 1967 నాటి 'భామావిజయం', దాని తెలుగు రూపమైన 'భలే కోడళ్లు' (1968) ఇతివృత్తం సంపాదనకు మించిన ఖర్చే. పొరుగున దిగిన సినిమా నటి ముందు గొప్పలకు పోయి ఒక ఉమ్మడి కుటుంబం అప్పులపాలవుతుంది. జోసెఫ్ ఆనందన్ నాటకం ఆధారంగా తీసిన 'ఇరు కోడుగళ్' (1969)లో కలెక్టరుగా వచ్చిన మొదటి భార్య వద్ద భర్త గుమాస్తాగా పనిచేయవలసి వస్తుంది. ఒక గీతను చెరపకుండా చిన్నది చేయాలంటే దాని పక్కన పెద్ద గీత గీయాలన్న చమత్కారం అక్కడ ఉద్యోగపు హోదాకూ దాంపత్యానికీ ఒకేసారి వర్తిస్తుంది. ఈ కథ 'కలెక్టర్ జానకి' (1972)గా తెలుగువారికి సుపరిచితం. అకౌంటెంట్ జనరల్ కార్యాలయపు ఉద్యోగం ఆయనకు కథలిచ్చిందని చెప్పడానికి ఆధారాలు అక్కరలేదు గానీ, ఇంటిని ఒక ఖాతాగా చూసే దృష్టి ఈ తొలి రచనలన్నిటిలోనూ స్పష్టంగా ఉంది.

3. 'తొడర్‌కదై': శీర్షికలోనే ఉన్న రూపం

బాలచందర్ కృషిని అర్థం చేసుకోవడానికి కేంద్రంగా నిలిచే చిత్రం 'అంతులేని కథ' (1976). దీని తమిళ మూలం 'అవళ్ ఒరు తొడర్‌కదై' (1974), కథ ఎం.ఎస్. పెరుమాళ్‌ది. తెలుగు శీర్షికకూ తమిళ శీర్షికకూ మధ్య గమనించదగిన తేడా ఉంది. తమిళంలో 'తొడర్‌కదై' అంటే వారపత్రికలో భాగాలుగా వచ్చే ధారావాహిక కథ. 'ఆమె ఒక సీరియల్' అన్నది ఆ శీర్షిక వాచ్యార్థం. 'అంతులేని కథ' అన్న తెలుగు పేరు కథకు అంతం లేకపోవడాన్ని పట్టుకున్నది. వారం వారం తిరిగి మొదలయ్యే లక్షణం అందులో జారిపోయింది. టెలివిజన్ ధారావాహిక ఇంటింటికీ చేరక ముందే బాలచందర్ ఒక స్త్రీ జీవితానికి ఆ పేరు పెట్టడం యాదృచ్ఛికంగా తోచదు.

కథలో తండ్రి ఇల్లు వదిలి సన్న్యసించాడు. అన్న తాగుబోతు, అతనికి భార్యాబిడ్డలున్నారు. వితంతువైన చెల్లెలు, చూపులేని తమ్ముడు, తల్లి, అందరూ సరిత జీతంపై ఆధారపడ్డవారు. జయప్రద పోషించిన సరిత త్యాగమూర్తిగా ప్రవర్తించదు. కసురుతుంది, లెక్క అడుగుతుంది, తన సంపాదనను గుర్తుచేస్తుంది. సంపాదించే మగవాడికి సహజంగా దక్కే కోపాన్ని సంపాదించే ఆడదానికి కూడా ఇచ్చినందువల్లనే ఆ పాత్ర ఆనాటి ప్రేక్షకులను ఇబ్బంది పెట్టింది, ఆకట్టుకుంది. చివరకు అన్న మారి బాధ్యత తీసుకోబోయే వేళ హత్యకు గురవుతాడు. సరిత తన పెళ్లిని చెల్లెలికి వదిలి మళ్లీ ఉద్యోగానికి బయలుదేరుతుంది.

ఈ ముగింపును స్త్రీని తిరిగి కుటుంబ బంధంలో బిగించడంగా చదవవచ్చు. అలా చదివిన వారు పొరబడలేదు. అయితే కథ లోపలి లెక్క ప్రకారం చూస్తే మరొకటి తెలుస్తుంది. ఆ ఇంటికి ఆమె జీతం తప్ప ఆదాయం లేదు. ప్రేమ, వివాహం ఆ లోటును పూడ్చలేవు. కనుక చిత్రం ముగియదు, మరో ఒకటో తారీఖు కోసం ఆగుతుంది. ఇక్కడ బాలచందర్ రచనలోని బలహీనత సరిత తిరిగి ఉద్యోగానికి వెళ్లడంలో లేదు, అన్నను చంపడంలో ఉంది. అన్న బతికి, మారి, చిన్న ఉద్యోగం చేసుకుంటూ ఉన్నా ఆ ఇంటి లెక్క తేలేది కాదు. ఆ కఠినమైన సత్యాన్ని చూపే బదులు ఆయన ఒక హత్యను ఆశ్రయించారు. 'మరో చరిత్ర' (1978)లోని జంట మరణానికీ ఇదే వర్తిస్తుంది. భాష, కులాచారం, పెద్దల పంతం వంటి సామాజిక కారణాలతో మొదలైన సంఘర్షణను చివరకు దుండగుల చేతిలో ముగించడం వల్ల ఆ కారణాలు విచారణ నుండి తప్పించుకుంటాయి.

దీనికి భిన్నంగా 'ఇది కథ కాదు' (1979) ముగింపు బలమైనది. క్రూరుడైన భర్త నుండి విడాకులు పొందిన స్త్రీ, పాత ప్రేమికుడిని గానీ, మూగగా ప్రేమించే వెంట్రిలాక్విస్టును గానీ ఎంచుకోకుండా రైలెక్కుతుంది. ఆమెకు తోడు నిలిచేది అత్తగారు. నోరు విప్పలేని మనిషి మాటలను బొమ్మ చేత పలికించడం రంగస్థలపు అలవాటుకు కొనసాగింపు. ఎవరూ మరణించకుండానే కథ ఆగుతుంది. ఆమె దిగబోయే ఊరు, చేయబోయే ఉద్యోగం ప్రేక్షకుడి ఊహకు వదిలివేయబడ్డాయి.

4. రెండు భాషలు, ముగ్గురు రచయితలు

బాలచందర్‌ను 'రచయిత-దర్శకుడు' అన్నప్పుడు తెలుగు చిత్రాల విషయంలో ఒక సవరణ అవసరం. 'అంతులేని కథ' సంభాషణలు ఆత్రేయవి. 'మరో చరిత్ర', 'ఆకలి రాజ్యం', 'రుద్రవీణ' సంభాషణలు గణేశ్ పాత్రోవి. ఇద్దరూ నాటకకర్తలే. ఆత్రేయ గుమాస్తా కుటుంబపు దారిద్ర్యాన్ని ఇతివృత్తంగా 'ఎన్.జి.ఓ.' నాటకం రాసినవారు. పాత్రో 'కొడుకు పుట్టాల' నాటకంతో పేరు పొందినవారు. తమిళ రంగస్థలం నుండి వచ్చిన ఇంటి లెక్క తెలుగు రంగస్థలం నుండి వచ్చిన మాటతో కలిసింది. ఈ చిత్రాలు అనువాదాల వలె వినిపించకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

'ఆకలి రాజ్యం' (1981) ఇందుకు మంచి ఉదాహరణ. 1980 నాటి తమిళ మూలం 'వరుమైయిన్ నిరం సివప్పు'లో నిరుద్యోగి భారతియార్ కవిత్వాన్ని ఆశ్రయిస్తాడు. తెలుగులో ఆ స్థానంలో శ్రీశ్రీ వచ్చాడు. ఈ మార్పు పేరు మార్పుతో ఆగలేదు. భారతి స్వరంలో జాతీయోద్యమపు ఆశ ఉంది, శ్రీశ్రీ స్వరంలో ఆకలితో, నిరుద్యోగంతో నేరుగా తలపడే కోపం ఉంది. ఢిల్లీ గదిలో తిండి లేని మిత్రులు పరువు కోసం భోంచేస్తున్నట్టు నటించే సన్నివేశం తెలుగులో ఆ కోపం వల్ల మరింత పదునెక్కింది. నాయకుడు చివరకు క్షురకవృత్తిని స్వీకరించడం కూడా లెక్క తేల్చే పద్ధతే. ఇక్కడ లెక్క మరణంతో తేలలేదు, పనితో తేలింది. అందుకే ఈ చిత్రపు ముగింపు ఆయన తెలుగు చిత్రాలలో అత్యంత నిజాయితీ గలదిగా తోస్తుంది.

భాషా సమస్య ఆయనకు వట్టి నేపథ్యం కాదు. తమిళ యువకుడు, తెలుగు యువతి విశాఖపట్నంలో ప్రేమించుకునే 'మరో చరిత్ర' తెలుగు మాటలతోనే మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. 1985లో 'సింధు భైరవి'లో మాత్రం సింధు అనే యువతి, శ్రోతలకు తెలియని తెలుగు కృతులకు బదులు తమిళంలో పాడమని విద్వాంసుణ్ణి నిలదీస్తుంది. తెలుగు వారికి ఈ సన్నివేశం కొంత చురుక్కుమనిపించవచ్చు. కానీ అర్థం కాని భాషలో రసాస్వాదన ఎంతవరకు సాధ్యమన్న ప్రశ్నను రెండు వైపుల నుండీ అడిగిన దర్శకుడు ఆయన.

5. టెలివిజన్: దొరికిన రూపం, జారిన లెక్క

1990ల తొలినాళ్లలో బాలచందర్ దూరదర్శన్ కోసం 'రైల్ స్నేహం', తరువాత 'కైయళవు మనసు' రూపొందించారు. ప్రైవేటు ఛానళ్లు వచ్చాక 'ప్రేమి', 'అణ్ణి', 'సహానా' వంటివి చేశారు. సినిమాలో స్థిరపడ్డ దర్శకుడు చిన్నతెరకు రావడాన్ని ఆనాడు చాలామంది అవకాశాలు తగ్గినవారి మజిలీగా చూసేవారు. ఆయన విషయంలో ఆ అంచనా సరికాదు. ఆయన కథలు మొదటినుండీ ఒక ఇంట్లో, కొద్దిమంది మనుషుల మధ్య, మాటలపై నడిచేవి. చిన్నతెరకు కావలసినవి అవే. పైగా రెండున్నర గంటల్లో తేలని ఇంటి లెక్కను వారాల తరబడి చూపే వీలు అక్కడ ఉంది.

'సహానా' (2003) ఈ వాదానికి ప్రత్యక్ష సాక్ష్యం. అది 'సింధు భైరవి'కి కొనసాగింపు. చిత్రం చివర సింధు తన బిడ్డను భైరవికి అప్పగించి వెళ్లిపోతుంది. 1985లో ఆ త్యాగం కథను ముగించినట్టు కనిపించింది. పద్దెనిమిదేళ్ల తరువాత రచయిత స్వయంగా ఆ కథను తిరిగి తెరవడం, ఆ త్యాగంతో బాకీ తీరలేదని ఒప్పుకోవడమే. విమర్శకులు తీర్పుగా చదివిన ముగింపును ఆయన విరామంగానే భావించారనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అక్కరలేదు.

అయితే రూపం దొరకడం వేరు, దాని ఫలితం వేరు. దూరదర్శన్ కాలంలో ధారావాహికకు వారానికొక భాగం, ముందే నిర్ణయించిన భాగాల సంఖ్య ఉండేవి. రచయితకు గమ్యం తెలిసేది. రోజువారీ ధారావాహికలు వచ్చాక ప్రకటనల ఆదాయం ఉన్నంతకాలం కథ సాగాలి. తమిళంలోనూ తెలుగులోనూ వెల్లువెత్తిన ఆ ధారావాహికలు బాలచందర్ కథానాయిక కన్నీటిని వారసత్వంగా తీసుకున్నాయి, ఆమె జీతాన్ని తీసుకోలేదు. వాటిలోని భవంతులలో ఎవరు సంపాదిస్తున్నారో, అద్దె ఎంతో, బియ్యం ఎక్కడివో తెలియదు. ఆస్తి తగాదాలు ఉంటాయి గాని నెలాఖరు ఇబ్బంది ఉండదు. అంతులేనితనం సరిత విషయంలో ఆర్థిక వాస్తవం, ఇక్కడ వ్యాపార సౌకర్యం. ఈ మార్పుకు బాలచందర్‌ను బాధ్యుణ్ణి చేయలేం. కానీ ఆయన రూపాన్ని అనుకరించినవారు దాని మూలాన్ని వదిలిపెట్టారన్నది గుర్తించాలి.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. ఒకటి, నాటకం, చలనచిత్రం, ధారావాహిక అనే మూడు మాధ్యమాలలోనూ బాలచందర్ రచనకు ఆధారం సంపాదనకూ ఖర్చుకూ మధ్య నలిగే ఇల్లు. రెండు, ఆయన ముగింపులను స్త్రీవాద తీర్పులుగానో సంప్రదాయ తీర్పులుగానో చదవడం కన్నా, తేలని లెక్కను ఆయన ఎక్కడ తెరిచి ఉంచారు, ఎక్కడ మరణంతో మూసివేశారు అని చూడడం ఫలవంతం. ఆ కొలతతో 'ఆకలి రాజ్యం', 'ఇది కథ కాదు' నిలుస్తాయి, 'మరో చరిత్ర' ఎంత ఆదరణ పొందినా కొంత తగ్గుతుంది. మూడు, ఆయన తెలుగు చిత్రాలను తెలుగు నాటకరచన చరిత్రలో భాగంగా కూడా చదవాలి. ఆత్రేయ, పాత్రోల సంభాషణలను తమిళ మూలాలతో పోల్చి చూసే పరిశోధన జరిగితే, ఒకే కథ రెండు భాషలలో ఎలా రెండు కథలయిందో తెలుస్తుంది.

2015లో, ఆయన మరణానంతరం విడుదలైన 'ఉత్తమ విలన్'లో ఆయన ఒక దర్శకుడి పాత్రలో కనిపించారు. కథానాయకుణ్ణి నటుడిగా నిలిపిన గురువు పాత్ర అది. గురువుగా ఆయన కీర్తి చెరగనిది. కానీ తెలుగు విమర్శ ఆయన నుండి తీసుకోవలసినది శిష్యుల జాబితా కాదు. ఇంటి కథ చెప్పేటప్పుడు ఆ ఇంట పొయ్యి ఎవరి జీతంతో వెలుగుతున్నదో ముందుగా అడగడం.