చిటికెన వేలి గుమ్మం

ఈ వారం నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒక ఫ్లెక్సీ. మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి కట్టారు. మూడు రాత్రుల ఉజ్జీవ సభలు, అంశం: పది గుమ్మాలు, పది ఆత్మీయ మెట్లు. నెహెమ్యా బాగు చేయించిన యెరూషలేము ప్రాకారపు గుమ్మాలన్నమాట. బొమ్మలో మాత్రం అవి ఊరి చుట్టూ లేవు. ఒకదాని మీద ఒకటి నిచ్చెనలా పేర్చి ఉన్నాయి. పైకి పోయేకొద్దీ బంగారు రంగు చిక్కబడుతోంది. ఊరి గుమ్మాలు అలా ఆకాశంలోకి ఎందుకు పోతాయని కడుతున్న కుర్రాణ్ణి అడిగాను. "డిజైను వాళ్లే ఇచ్చారు సార్, నాకేం తెలుసు" అన్నాడు.

వెళ్లాను. నెహెమ్యా మూడో అధ్యాయం మీద ప్రసంగమంటే నేను ఇంట్లో కూర్చోలేనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. అందరూ గబగబా పేజీ తిప్పేసే పేర్ల పట్టీల తరఫున వకాల్తా పుచ్చుకోవడం నాకు పాత అలవాటు. సంఖ్యాకాండంలోని జాబితాల గురించి రాసినప్పుడు "మీకు వేరే పని లేదా" అని ఉత్తరం రాసిన పాఠకుడు ఈ వారం కూడా ఓపిక పట్టాలి.

ఈ ప్రసంగపు వరస విశ్వాసులకు కొత్త కాదు. గొర్రెల గుమ్మం అంటే రక్షణ. మత్స్యపు గుమ్మం ఆత్మల సంపాదన. పాత గుమ్మం పూర్వపు త్రోవలు. లోయ గుమ్మం తగ్గింపు, పెంట గుమ్మం శుద్ధీకరణ. బుగ్గ గుమ్మం పరిశుద్ధాత్మ, నీటి గుమ్మం వాక్యం, గుర్రపు గుమ్మం ఆత్మీయ యుద్ధం, తూర్పు గుమ్మం రెండో రాకడ, చివరి మిప్కాదు గుమ్మం తీర్పు. ఇందులో కొన్ని నిజంగానే ముచ్చటగా ఉంటాయి. గొర్రెల గుమ్మానికి తలుపులు నిలిపారని ఉంది గాని తాళాలు, అడ్డగడియలు పెట్టినట్టు లేదు. రక్షణ ద్వారానికి గడియ లేదని అయ్యగారు చెబితే కాదనడానికి నాకూ మనసు రాలేదు.

తర్వాతే చిక్కు. నీటి గుమ్మాన్ని బాగు చేసినట్టు రాయలేదు, ఎందుకంటే వాక్యం పాడవదు అన్నారు. చప్పట్లు. మరి గుర్రపు గుమ్మాన్నీ, తూర్పు గుమ్మాన్నీ, మిప్కాదునూ బాగు చేసినట్టు కూడా రాయలేదు కదా? ఆ అధ్యాయంలో కట్టి తలుపులు నిలిపారని చెప్పిన గుమ్మాలు ఆరే. మిగతావి ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ఆనవాళ్లు. పన్నెండో అధ్యాయానికి వస్తే ఎఫ్రాయిము గుమ్మం, బందీగృహపు గుమ్మం కూడా కనిపిస్తాయి. అప్పుడు మెట్లు పన్నెండు కావాలి. ఫ్లెక్సీ మళ్లీ ప్రింటు చేయించుకోవాలి.

ఇదంతా పైపై సణుగుడు. నా అసలు ఫిర్యాదు వేరే. బైబిల్లో ఊరి గుమ్మం ఏ పనికి వచ్చేదో ఆ పనిని ఈ మెట్ల ప్రసంగాలు మాయం చేస్తాయి. గుమ్మమంటే ఊరి రచ్చబండ. బోయజు రూతు సంగతి తేల్చుకోవడానికి ఎక్కడ కూర్చున్నాడు? గుమ్మం దగ్గర, పదిమంది పెద్దల్ని పిలిచి. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను 400 తులాల వెండికి కొన్నదీ హేతు వాళ్ల ఊరి గవిని దగ్గరే, వచ్చేపోయేవాళ్లు వింటుండగా. తండ్రి మీద తిరగబడాలనుకున్న అబ్షాలోము పొద్దున్నే లేచి గుమ్మం దారి పక్కన నిలబడేవాడు, తీర్పు కోసం వచ్చేవాళ్లను మధ్యలోనే పట్టుకోవడానికి. బేరం, సాక్ష్యం, తీర్పు, కుట్ర అన్నీ అక్కడే.

మాటల్లో ఉన్నది రాళ్లలోనూ దొరికింది. ఇశ్రాయేలు ఉత్తరపు కొసన దాను ఊరి దిబ్బను అవ్రాహాం బిరాన్ 1966 నుంచి దశాబ్దాల తరబడి తవ్వించాడు. అక్కడి గవినిలో గోడవారగా రాతి అరుగు బయటపడింది, పక్కనే పెద్ద మనిషి ఆసనం కోసమా అన్నట్టు ఒక వేదిక కూడా. బైబిల్లో పెద్దలు గవినిలో కూర్చున్నారని చదివినప్పుడల్లా నాకు ఆ అరుగే గుర్తొస్తుంది. అందుకే "గుమ్మంలో న్యాయాన్ని నిలబెట్టండి" అన్నట్టుగా ఆమోసు కేకలు వేసినప్పుడు ఆయన ఎవరి గుండె తలుపు గురించీ మాట్లాడలేదు. లంచం తిని బీదవాడి వ్యాజ్యాన్ని తోసిపుచ్చుతున్న పెద్దల గురించి మాట్లాడాడు. ఆమోసుది తెకోవ ఊరు, గొర్రెల కాపరి. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి, పనుంది.

సభకు మళ్లీ వస్తాను. రెండో రాత్రి పెంట గుమ్మం వంతు. అయిదు నిమిషాలైనా పట్టలేదు. "హృదయంలోని చెత్తను పారవేయండి, హల్లెలూయా" అని అయ్యగారు బుగ్గ గుమ్మానికి దాటుకున్నారు. కీబోర్డు అందుకుంది. అసలు ఊరి పెంట ఎవరు మోశారన్న ప్రశ్న లేదు. ఆ గుమ్మం ఎవరు కట్టారన్న ముక్క కూడా లేదు.

అక్కడ నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఇక ఈ వారం కాలమ్ ఆవిడది.

నాయనమ్మకు అక్షరం రాదు. మిషను ఆస్పత్రిలో ఆయా. వార్డులు ఊడ్చడం, బేసిన్లు కడగడం ఆవిడ పని. శనివారం సాయంత్రాలు పేటకు ఒక బైబిలు స్త్రీ వచ్చేది. అప్పట్లో మిషను జీతం మీద ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం నేర్పేవాళ్లను అలా అనేవారు. తెల్లచీర, గొడుగు, సంచిలో బైబిలు. చదువు రాని ఆడవాళ్లకు ఆమె పాఠం ఎక్కించేది వేళ్ల మీదే. కుడిచేతి బొటనవేలు గొర్రెల గుమ్మం, చూపుడు వేలు మత్స్యపు గుమ్మం, నడిమి వేలు పాత గుమ్మం, ఉంగరం వేలు లోయ గుమ్మం, చిటికెన వేలు పెంట గుమ్మం. ఎడమచేతికి మారితే బుగ్గ, నీరు, గుర్రం, తూర్పు, మిప్కాదు. పది వేళ్లకూ పది అర్థాలు. అవును, ఫ్లెక్సీలోవే.

నేను హైస్కూలు చదువు వెలగబెడుతున్న రోజుల్లో ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఈ వేళ్లు అప్పజెప్పించుకునేది. చిటికెన వేలు దగ్గర మాత్రం కథ ఆగేది. "ఒరే అబ్బాయ్, ఈ గుమ్మం కట్టింది ఎవురో చెప్పు?"

నాకు తెలిసేది కాదు. కూలీ వాళ్లెవరో అయ్యుంటారనేవాణ్ణి.

"కూలోడు కాదు. మల్కీయా. ఒక పరగణాకి అధిపతి. దొర్రా! పెంట గుమ్మానికి దొర తలుపులు నిలబెట్టి గడియ పెట్టాడు. నేను వార్డులో బేసిను ఎత్తినప్పుడల్లా ఆ దొర పేరు అనుకుంటా."

తర్వాత నేనే చదువుకుని చూశాను. మూడో అధ్యాయం 14వ వచనం. రేకాబు కొడుకు మల్కీయా, బేత్‌హక్కెరెము ప్రదేశానికి అధిపతి. ద్రాక్షతోటల ఊరి దొర వచ్చి, ఊరి మలమూ పేడా బయటికి పోయే దారికి తలుపు బిగించాడు. వెనక్కి పోయి 5వ వచనం చదివితే రెండో వైపు కనిపిస్తుంది. తెకోవ వాళ్లు గోడ కట్టారు గాని వాళ్ల ఘనులు మెడ వంచలేదు. అదే తెకోవ. ఆమోసు పుట్టిన ఊరు. ఆయన గుమ్మంలో న్యాయం గురించి అరిచిన దాదాపు మూడు వందల ఏళ్లకు ఆ ఊరి పెద్దలు ఇంకా మెడ వంచం అంటూనే ఉన్నారు. మామూలు జనం మాత్రం 27వ వచనంలో మళ్లీ కనిపిస్తారు, రెండో భాగం కూడా కడుతూ. ఈ జాబితాను బోరు అనేవాళ్లతో నేను వాదించేది ఇందుకే. ఇక్కడ ఎవడు ఒళ్లు వంచాడో, ఎవడు వంచలేదో హాజరుపట్టీ ఉంది. షల్లూము కూతుళ్లు గోడ కట్టారనీ ఉంది.

పెంట గుమ్మం గురించి నెహెమ్యా పుస్తకం ఇంకో రెండు సంగతులు చెబుతుంది. క్రీ.పూ. 445లో ఆయన యెరూషలేముకు వచ్చి, రాత్రిపూట ఎవరికీ చెప్పకుండా గోడలు చూడబోయినప్పుడు, లోయ గుమ్మంలోంచి బయటపడి పెంట గుమ్మం వైపే నడిచాడు. 52 రోజుల్లో గోడ పూర్తయింది. ప్రతిష్ఠ నాడు పాటకుల్ని రెండు గుంపులు చేసి ప్రాకారం మీద నడిపించారు. మొదటి గుంపు ఏ దిక్కుకు వెళ్లిందో తెలుసా? పెంట గుమ్మం దిక్కుకు. ముందు నడిచింది శాస్త్రియైన ఎజ్రా. సర్వే సాగిన దిక్కుకే సంకీర్తనా వెళ్లింది.

మన యాత్రికులు ఇప్పుడు యెరూషలేములో "డంగ్ గేట్" దగ్గర బస్సు దిగి పశ్చిమ గోడకు వెళ్తారు. అది 16వ శతాబ్దపు సులేమాను సుల్తాను గోడలోని గుమ్మం. నెహెమ్యాది అంతకంటే దక్షిణాన, హిన్నోము లోయ వైపు కిందుగా ఉండేదని పండితుల మాట. ఫొటోలు దిగేవాళ్లను నేను ఆపను.

పెంటకూ గుమ్మానికీ ఉన్న సంబంధం లాకీషులో మరోలా బయటపడింది. 2016లో అక్కడి పాత గవినిలోని ఒక గదిని తవ్వినవాళ్లు, కొమ్ములు విరగ్గొట్టిన బలిపీఠాలూ, ఒక రాతి మరుగుదొడ్డి పీటా దొరికాయని ప్రకటించారు. హిజ్కియా రాజు ఉన్నత స్థలాలను పాడుచేసినప్పుడు గవినిలోని గుడిని అపవిత్రం చేయడానికి దాన్ని పెట్టి ఉంటారని వాళ్ల ఊహ. దేన్నయినా అవమానించాలంటే మలం తెచ్చి పెట్టడం అప్పటికే మనుషులకు తెలిసిన పద్ధతి. మనిషిని అవమానించడానికి కూడా అదే వాడతారు. మన దేశంలో అయితే తరతరాలుగా ఆ పనిని ఒక కులం నెత్తిన పెట్టేశారు.

ఆ 2016లోనే బెజవాడ విల్సన్‌కు మెగసెసే అవార్డు వచ్చింది. కోలారు బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టి, సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపిన మనిషి. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకొకటి వచ్చాయి. మ్యాన్‌హోళ్లలో దిగి ఊపిరాడక చనిపోయినవాళ్ల వార్తలు మాత్రం ఇప్పటికీ చదువుతున్నాం.

సభనుంచి తిరిగి వచ్చేటప్పుడు ఈ కాలమ్‌ను నేను మనసులో ఒకలా రాసేసుకున్నాను. ఇలాంటి ఛాయారూపకాల ప్రసంగాలు కట్టిపెట్టండి, గుమ్మాన్ని గుమ్మంగా చదవండి అని. నాయనమ్మ అడ్డం పడింది. బైబిలు స్త్రీ ఆవిడకు దాను అరుగు గురించి చెప్పి ఉంటే ఆ వారమే మరిచిపోయేది. వేలికో అర్థం అంటించింది కాబట్టే, అక్షరం రాని మనిషి చేతిలో నెహెమ్యా మూడో అధ్యాయం చివరిదాకా మిగిలింది. చిటికెన వేలికి శుద్ధీకరణ అనే అర్థం చెప్పి, మల్కీయా పేరు కూడా చెప్పి వెళ్లింది ఆ తల్లి. హెబ్రీ పత్రిక రాసినాయన మాత్రం ఏం చేశాడు? యేసు గవిని బయట బాధపడ్డాడని జరిగిన సంగతి చెప్పి, కాబట్టి మనమూ ఆయన నిందను మోస్తూ బయటికి పోదాం అని అర్థం తీశాడు. అదీ ఛాయారూపకమే. కాకపోతే వినేవాణ్ణి ఊరి బయటికి తీసుకుపోతుంది. ఫ్లెక్సీ మెట్లు నన్ను పైకెక్కించి, అక్కడే కూర్చోబెట్టాయి.

కాబట్టి పది గుమ్మాల ప్రసంగాలు మానమని నేను అనను. మానొద్దనే అంటాను. పిల్లలకు వేళ్ల మీద నేర్పండి. మెట్లు మాత్రం తీసేయండి. నెహెమ్యా 3 గొర్రెల గుమ్మం దగ్గర మొదలై చుట్టూ తిరిగి మళ్లీ గొర్రెల గుమ్మం దగ్గరికే వస్తుంది, అందులో పై గుమ్మం, కింది గుమ్మం లేవు.

వచ్చే సభలకు అంశాలు ఎంచుకుంటున్న అయ్యగార్లకూ సంఘ పెద్దలకూ ఒక్క మనవి. మూడు రాత్రుల్లో ఒక రాత్రి పూర్తిగా పెంట గుమ్మానికి ఇవ్వండి. 5వ వచనం, 14వ వచనం పేర్లతో సహా పైకి చదివించండి, పక్కన ఆమోసు అయిదో అధ్యాయం పెట్టండి. మీ సంఘంలో మున్సిపాలిటీ పారిశుద్ధ్య పని చేసే విశ్వాసులు ఉంటారు, తెల్లారకముందే డ్యూటీ ఎక్కి ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చి వెనక చాపల మీద కూర్చునేవాళ్లు. ఆ రాత్రి వేదిక మీద వాళ్లలో ఒకరికి కుర్చీ వేసి, మైకు ముందు వాళ్లకివ్వండి.